సాక్ష్యం చెప్పిన తరువాతి నాలుగు నెలలు

మా ఆయన గుండెలో ఒక వాల్వు సన్నబడిపోయిందని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మందులతో అది తెరుచుకోదట. ఛాతీ తెరిచి మార్చాలి, లేదంటే తొడలోని రక్తనాళం గుండా కొత్తది పంపించాలి. ఏదైనా తొందరగా తేల్చుకోమంది. నేను ఇంట్లో నాన్న దగ్గర బైబిలు మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు కూడబలుక్కున్నానో.

కూర్మన్నపాలెంలో మా సంఘం స్త్రీలం మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. ఆ వారం ఆయనకు ఎప్పుడూ వచ్చే ఆయాసం రాలేదు. ఆదివారం సాక్ష్యాల వేళ నేను లేచి, ప్రభువు మా ఆయన్ని ముట్టి స్వస్థపరిచాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆపరేషన్ మాట ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.

ఆ తరువాత ఆయన మేడ ఎక్కడం మానేశారు.

"ఏటండీ, పైకి రావట్లేదు?" అంటే, "స్టీలు ప్లాంటు డ్యూటీలో ఇన్నేళ్లు ఎక్కిన మెట్లు సాల్లేదా? నువ్వెక్కు, ఒళ్లు తగ్గుద్ది" అని నవ్వేవారు. ఆ నవ్వుకు కూడా దేవునికి వందనాలు చెప్పుకున్నాను.

నాలుగు నెలలకు స్నానాల గదిలో స్పృహ తప్పి పడిపోయారు.

"గుండె బాగా బలహీనపడింది. ఇప్పుడు ఛాతీ తెరిస్తే తట్టుకోలేరమ్మా" అంది డాక్టరమ్మ. "తొడ దారే మిగిలింది. అదీ స్కాన్ చూశాకే చెప్పగలను. ఇన్నాళ్లూ ఆయాసం లేదా?"

"ఉందండీ" అన్నారాయన, గోడ వైపు చూస్తూ.

బయట బెంచీ మీద అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

"ఏటని సెప్తాను? మైకు అట్టుకుని అందరి ముందరా సెప్పీసావు. పై ఆదివారమే నాను రొప్పుకుంటా సర్చికొస్తే నీ మొకం ఏటవుద్ది?"

"నా మొకం పోతే పోయేది కదండీ."

నాకప్పుడు గుర్తొచ్చింది, రాత్రి ప్రార్థనలో నా పక్కనే మోకరించి ఆయన అనే ఆమేన్ ఆ నెలల్లో కాస్త ఆలస్యంగా వినపడేది.

స్కాన్‌లో దారి ఉందన్నారు. తొడ గుండానే కొత్త వాల్వు పెట్టారు. అది బాగానే తెరుచుకుంటోంది. నీరసించిన గుండె మాత్రం మునుపటిలా కాలేదు, కాకపోవచ్చని కూడా చెప్పారు. గేటు దాకా నడిచి, అక్కడ కుర్చీలో కూర్చుంటారు. మనిషిని మిగిల్చినందుకు దేవునికి స్తోత్రం.

ఇప్పుడు ప్రార్థనకు ముందు, ఇవాళ ఎలా ఉందని అడుగుతాను. ఆయన ఉన్నదున్నట్టు చెప్తారు. అంతా విన్నాకే కళ్లు మూసుకుంటాను.