రావు మామ పండ్ల సోడా

జమ్మలమడుగులో మా పక్కింటి సూర్యప్రకాశరావు మామ రోజూ పొద్దున్నే గోలీసోడా సీసాను చెవి దగ్గర పెట్టుకొని వింటారు.

"ఎట్లుండాయి సామీ బుడగలు?" అని సోడాలమ్మే హబీబుల్లా తోపుడుబండి ఆపి అరుస్తాడు. మామకు చెవుడని, ఆయనతో మాట్లాడేటప్పుడు వీధంతా అరుస్తుంది.

"దీంట్లోవి నిద్రపోతాండాయప్పా. ఇంగోటియ్యి."

మామకున్న పిచ్చి ఒక్కటే. ప్రతి ఆదివారం పండ్ల సోడా చేసి ఇరుగుపొరుగుకు తాపడం, తాగినవాళ్ళ చేత దాని రుచి గట్టిగా చెప్పించడం. తాపడం వరకు ఎవరికీ కష్టం లేదు. చెప్పడం దగ్గరే అందరికీ గొంతు ఎండిపోయేది.

సమయం సరిగ్గా పదకొండు. టిఫినుకు ఆలస్యం, భోజనానికి తొందర. "దీన్ని బ్రంచ్ అంటారంట, పేపర్లో రాసినాడు" అని మామ ఈ వేళను ఖాయం చేశారు. పులివెందుల బస్సు దిగేటప్పుడు ఆయన చేతిలో చీనీకాయల సంచి, అదే బత్తాయిల సంచి, ఉందంటే, ఆ ఆదివారం మాకు తప్పించుకునే దారి లేదని అర్థం. చీనీరసం, గుప్పెడు దానిమ్మ గింజలు, నలిపిన పుదీనా, రెండు అల్లం ముక్కలు, చిటికెడు నల్లుప్పు. సోడా అన్నిటికంటే చివర, గ్లాసు వంచి, పసిబిడ్డకు నీళ్ళు పోసినంత మెల్లగా. చెంచా తాకకూడదు. తాకితే బుడగ చస్తుంది.

"ఎట్లుంది?"

"బాగుంది సామీ!" అన్నాడు ఎదురింటి నారాయణ. ఆయన తుమ్మలపల్లె గనిలో పనిచేస్తాడు. ఆదివారం పూట నిద్రపోనివ్వలేదని ఆయనకు కడుపుమంట.

"బాగుంది అంటే ఏం తెలుస్తాది నారాయణా? ముప్పైయేండ్లు తాలూకాఫీసులో గుమస్తాగా చేసినా. బాగుంది అని రిపోర్టు రాస్తే మొగాన కొట్టేవాళ్ళు. యాడ తీపి తగిలింది, యాడ పులుపు తగిలింది? గట్టిగా చెప్పు."

"నాలుకకు తగిలింది సామీ! ఇంగ యాడ తగుల్తాది?"

"గట్టిగా!"

ఒకసారి చీనీకాయలతో పాటు అరటిపండ్లూ తెచ్చి, చిదిమి, పైన సోడా పోశారు. నురగ జగ్గు దాటింది, బల్ల దాటింది, నారాయణ కొత్త తెల్లచొక్కా మీదికి ఎక్కి కూర్చుంది.

"ఎట్లుంది?"

"నోట్లో చుక్క పడలేదు సామీ, నా చొక్కానడుగు!"

"సరే, చొక్కాకెట్లుందో చెప్పు. గట్టిగా!"

ఇందులో అందరికంటే ఎక్కువ కష్టం నాది. నేను ఎం.ఏ. తెలుగు చదివాను కాబట్టి రుచికి మాటలు నా దగ్గర సంచుల్లో ఉంటాయని మామ నమ్మకం. మాటలు ఉన్నాయి, గొంతే లేదు. వైవాలో నా జవాబు వినడానికి పరీక్షకులు కుర్చీ ముందుకు లాక్కున్నారు. అలాంటి నన్ను మామ వసారా మధ్యలో నిలబెట్టి, "ఏమ్మా నీరజా, వీధి చివరికి వినపడాల" అనేవారు.

మా అమ్మకు మాత్రం మామ మీద నిజంగానే కోపం. కారణం కమలత్త. కమలత్త మామ భార్య. ఆమె బొరుగులతో ఉగ్గాని చేస్తే తాలింపు వాసనకే మా వీధి లేచేది. మూడేళ్ళ కిందట వచ్చిన కరోనా జ్వరం ఆమె నాలుక మీది రుచినీ, ముక్కులోని వాసననూ ఎత్తుకుపోయింది. ఏం తిన్నా మట్టి తిన్నట్టే ఉందని నాలుగు ముద్దలకే లేచేది. గాజులు మోచేతి దాకా జారేవి. వంటింట్లోకి రావడం మానేసింది, మా ముందుకు రావడమూ మానేసింది. ఇలాగే ఉంటే మనిషి మంచం పడుతుందని డాక్టరు చెప్పేశాడు.

"ఆయమ్మ లోపల కూడు సయించక ఏడుస్తాంటే, ఈయన వాకిట్లో రుచుల పంచాయితీ పెట్టినాడు. బుద్ధుండాల్సిన పనిలేదా?" అనేది అమ్మ. నాకూ అదే అనిపించేది. అయినా సోడా చల్లగా ఉండేది కాబట్టి వెళ్ళేదాన్ని.

పోయిన వేసవిలో ఒక ఆదివారం. గ్లాసు పట్టుకొని వసారా ఈ చివర నిలబడ్డాను. నారాయణ చెవిలో, నా మామూలు గొంతుతో, అంటే గొంతే లేకుండా, "ఈరోజు అల్లం ఎక్కువైంది" అన్నాను.

"ఎక్కువేం కాలేదు, రెండు ముక్కలే వేసినా" అన్నారు మామ ఆ చివర నుంచి, ఇటు తిరగకుండానే.

నారాయణ నన్ను చూశాడు. నేను నారాయణను చూశాను. మా అమ్మకే రెండుసార్లు చెప్తే గాని వినపడని మాట, చెవిటి మామకు ఎలా వినపడింది?

ఇంకో గ్లాసు తెస్తానని లోపలికి వెళ్ళాను. వసారా తలుపు వెనక చిన్న పీట మీద కమలత్త కూర్చుని ఉంది. చేతిలో సోడా గ్లాసు. కళ్ళు మూసుకొని ఉంది.

"నువ్వా నీరజా" అంది కళ్ళు తెరిచి, దొంగతనం బయటపడినట్టు. "నాకు బుడగలొక్కటే తెలుస్తాయే. నాలుక మీద చిటపటమంటాయి. తక్కిందంతా మీరు చెప్తాంటే వింటా. వింటా తాగితే చీనీకాయ ఎట్లుంటాదో గుర్తొస్తాది. నారాయణ మాటలతో ఏమీ గుర్తురాదు. నువ్వు బాగ చెప్తావంట గానీ, నీ గొంతు ఈ తలుపు దాటదే తల్లీ!"

వసారాలోకి తిరిగి వచ్చాను. జీవితంలో మొదటిసారి అరిచాను.

"మామా! మొదట తీపి! తర్వాత చీనీతొక్క గిల్లితే గోటికి అంటుకునే చేదు! అల్లం ముక్కులోకి ఎక్కుతాంది! దానిమ్మ గింజ పంటి కింద పటుక్కుమనింది! చివర్న పుదీనా, చల్లగా, తడిబట్ట మొహాన వేసుకున్నట్టు!"

హబీబుల్లా వీధిలో బండి ఆపేశాడు. నారాయణ గ్లాసు కింద పెట్టేశాడు. తలుపు వెనక నుంచి కమలత్త గొంతు వచ్చింది.

"ఇన్ని చెప్పింది, ఉప్పు మాటే రాలేదు. వేయడం మర్చిపోయినారు కదా?"

మామ బల్ల వైపు చూశారు. నల్లుప్పు డబ్బా మూత తీయలేదు.

"మర్చిపోయినా కమలా!" అన్నారు, బహుమతి వచ్చినంత సంబరంగా. ఉప్పు గురించి ఆమె మాట్లాడి రెండేళ్ళయింది.

నాలుగు వారాల తర్వాత కమలత్త తనే పొయ్యి ముట్టించింది. ఉగ్గానిలో ఉప్పు సరిపోయిందో లేదో మేం చెప్పాలి, గట్టిగా.

ఇప్పుడు ఆమెకు పులుపు కొంచెం తెలుస్తోంది. గాజులు మణికట్టు దగ్గరే ఆగుతున్నాయి. నారాయణ ఆదివారాలు పదిన్నరకే వచ్చి కూర్చుంటున్నాడు. రావు మామకు చెవుడని మా వీధి ఇంకా నమ్ముతూనే ఉంది. ఆయన ఇప్పటికీ కాదనలేదు.