సినిమా హాలు చెక్కల గోడ

నా చిన్నప్పుడు నాన్నగారు నాంపల్లిలో కట్టించిన ఇంట్లో ముందుగది గోడలన్నీ చెక్కవే. ఆ గది తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది నల్లి కంపు. ఛీ, అన్నం ముందు కూర్చుని తలుచుకోకూడని వాసన అది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి హైదరాబాదు వచ్చినవాళ్లం మేము. అబిడ్స్‌లో ఒక పెద్ద దుకాణం లోపలి గోడలకు టేకు చెక్క కొట్టి ఉండడం నాన్నగారు చూశారు. అంతే, సొంతిల్లు కడితే అలాగే కట్టాలని పట్టుబట్టారు. కొత్త టేకు మన తాహతుకు మించిందని అమ్మ మొత్తుకుంటే, పడగొడుతున్న ఒక పాత సినిమా హాలు చెక్కలు తెప్పించి, మేకుల బొక్కలు పూడ్పించి, మొహం కనబడేలా పాలిష్ పెట్టించారు. వచ్చినవాళ్ల చేత ఆ గోడ తడిమించాకే కాఫీ ఇప్పించేవారు.

గృహప్రవేశానికి మా అమ్మమ్మ తన పరుపుచుట్టతో వచ్చి కొన్నాళ్లు ఉండిపోయింది. అప్పట్లో ప్రయాణమంటే ఎవరి పక్క వాళ్లు తెచ్చుకునేవారు. ఆవిడ పాతకాలం మనిషి, అల్లుడి ఎదుట పడేది కాదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటున నిలబడి అమ్మ చేత చెప్పించేది.

ఎండలు ముదిరాక నల్లులు బయల్దేరాయి. తెల్లారేసరికి ఒంటినిండా దద్దుర్లు, దుప్పట్ల మీద నెత్తుటి మరకలు. నలిపిన వేలు ఎంత తోమినా కంపు వదలదు. నాన్నగారు మాత్రం గోడవైపు కన్నెత్తి చూడలేదు. మీ అమ్మ పరుపులో వచ్చాయని అమ్మతో అన్నారు, అమ్మమ్మకు వినపడేలాగే. పరుపు పెరట్లో పారేయించారు. అమ్మమ్మ చాప మీద పడుకుంది. నల్లులు మాత్రం తగ్గలేదు.

మా పక్కింటి అక్కవాళ్లది పాత హైదరాబాదు కుటుంబం. ఆ అక్కే పరుపు తీసుకుపోయి ఎండలో వేసి, కుట్లన్నీ వెతికి వచ్చింది. "గీ పరుపుల ఒక్కటి లేదమ్మా. అన్నీ గా సినిమా హాల్ చెక్కల్నే ఉన్నయి. జర మీ అల్లునికి చెప్పున్రి" అంది.

"ఆశపడి కట్టుకున్న గోడమ్మా, నా నోటితో ఎలా అనను" అంది అమ్మమ్మ.

ఒక ఆదివారం నాన్నగారి పైఆఫీసరు ఇల్లు చూడడానికి వచ్చారు. మొజంజాహీ మార్కెట్ నుంచి ఐస్‌క్రీమ్ తెప్పించి ఒకటే హడావిడి. ఆయన గోడకు వీపు ఆనించి కూర్చుని చెక్కను మెచ్చుకుంటున్నారు. అంతలో ఆయన తెల్ల కాలరు మీద, తాగి ఉబ్బిన నల్లి ఒకటి నింపాదిగా నడుస్తూ పైకొచ్చింది. వెనకే మరోటి. ఆయన గబుక్కున లేచి దులుపుకుంటుంటే నాన్నగారి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

అప్పుడు అమ్మమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. ఆవిడ అల్లుడి ముందు నిలబడడం నేనెన్నడూ చూసి ఎరగను. "నా పరుపులో వచ్చాయి బాబూ. పల్లెటూరిదాన్ని, చూసుకోకుండా తెచ్చాను. మా అల్లుడి తప్పేం లేదు" అంది తలొంచుకుని.

ఆఫీసరు మొహం చిట్లించుకుని ఆవిడవంక చూశాడు. నల్లిని ఎలా చూశాడో అలాగే చూశాడు. నాన్నగారు అది చూస్తూనే ఉన్నారు. పైగా అవునన్నట్టు తలూపారు.

మర్నాడు పక్కింటి అక్క దగ్గర పరుపు తీసుకుని అమ్మమ్మ రైలెక్కేసింది. మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ తర్వాత చెక్కలు ఊడదీయిస్తే వెనక గోడంతా నల్లులు, గుడ్లు, నల్లటి పెచ్చులు కట్టిన వాటి మలం. నాకు అక్కడే వాంతయింది. కళ్లారా చూశాక కూడా నాన్నగారు అమ్మమ్మకు ఒక కార్డుముక్క రాయలేదు.

ఆయన నన్ను ప్రాణంగా పెంచారు, కాదనను. నల్లులంటే రోత కూడా ఎప్పుడో పోయింది. ఆ తల ఊపడం మీద రోత మాత్రం ఈ వయసులోనూ పోలేదు. అందుకే మా ఇంటికి ఎవరొచ్చినా పక్క నా చేతులతో వేస్తాను. ఇంట్లో ఏదన్నా కంపు కొడితే, చుట్టాల మూటలవంక చూడను. ముందు నా గోడ తట్టి చూసుకుంటాను.