నాలుగో స్తంభం దగ్గర మైనస్

దొనికాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. స్మోల్యాన్ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. స్కీ ఆడేవాళ్ళను కొండపైకి మోసే కుర్చీల లిఫ్టులకు లెక్కలు కట్టడం ఆమె పని. తాడు ఏ స్తంభాన్ని ఎంత బలంతో నొక్కుతుందో సమీకరణాలు రాసి కంప్యూటర్‌కు ఇస్తుంది. అది సాధించి జవాబులు చెబుతుంది. ఆ జవాబులను నిలదీయడానికే తనకు జీతమిస్తున్నారని అంటుంది దొనికా.

కొత్త లిఫ్టు కాగితాల మీద సంతకం పెట్టబోయే ముందు లెక్కంతా మళ్ళీ చూసింది. నాలుగో స్తంభం పల్లంలో ఉంది. బిగించిన తాడు అక్కడ పైకి లేవాలని చూస్తుంది, కాబట్టి జవాబు ముందు మైనస్ ఉండాలి. కాగితం మీద ప్లస్ ఉంది! ఫైలు తెరిస్తే, జవాబుకు ఎవరో పరమమూల్యం ఫంక్షన్ తొడిగినట్టు కనబడింది. మైనస్‌ను మింగేసి అంకెను మాత్రం బయటికి వదిలే ఫంక్షన్ అది. ఆ ప్లస్‌ను నమ్మి కప్పీలన్నీ తాడు కిందే బిగించారు. పైనుంచి అదిమిపట్టే కప్పీ ఒక్కటీ లేదు. తాడు జారిందంటే కుర్చీలూ మనుషులూ లోయలోకే.

చీఫ్ ఇంజనీరు ఒగ్నియాన్ ఆమెతో కలిసి చదువుకున్నవాడే. ఆమె వెళ్ళేసరికి జున్ను పెట్టిన బనిత్స రొట్టె తింటున్నాడు.

“ఇది నీ నిర్వాకమేనా?”

“అబ్బ, పొద్దున్నే మొదలెట్టావా? మైనస్ కనబడితే తనిఖీకొచ్చే ఆయన సవాలక్ష ప్రశ్నలేస్తాడు. పాత లిఫ్టుకీ ఇలాగే చేశాంగా!”

“పాతదానికి పల్లమెక్కడ ఏడ్చింది? బుర్రుందా నీకు?”

“అంకె మారలేదుగా దొనికా. ముందున్న గీతే కదా పోయింది!”

“తాడు పైకి పోతుందో కిందికొస్తుందో చెప్పేది ఆ గీతేనయ్యా!”

“శనివారం ప్రారంభం. మొదటి కుర్చీల్లో బడిపిల్లల్ని ఎక్కిస్తామని చెప్పేశాం. ఇప్పటికి సంతకం పెట్టెయ్, తర్వాత సరిచేద్దాం.”

తర్వాతట! పిల్లలు పడ్డాక సరిచేస్తాడట! దొనికాకు ఒళ్ళు మండిపోయింది. తినేవాణ్ణి తిననివ్వకుండా లేపి, కారెక్కించి కొండ దగ్గరికి తీసుకుపోయింది.

అక్కడ ఖాళీ కుర్చీలతో లిఫ్టును మెల్లగా నడిపి చూస్తున్నారు. నాలుగో స్తంభం దగ్గర తాడు కప్పీలను తాకీ తాకనట్టు పోతోంది.

“ఎక్కు,” అంది దొనికా.

“ఎవరు, నేనా?”

“నువ్వే. ఆ స్తంభం దాటి రా. వచ్చాక నీ ఎదుటే సంతకం పెడతాను.”

ఒగ్నియాన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కుర్చీ వచ్చి మోకాళ్ళ వెనక తగలబోయేసరికి పక్కకు గెంతాడు. కుర్చీ ఖాళీగా పైకి పోయింది.

అంతవరకూ అతను ప్రమాదం తెలియక చేశాడనే అనుకుంది దొనికా. ఎర్ర బొత్తం మీద గుద్ది లిఫ్టు ఆపేసింది.

“నీకు తెలుసు!” అని అరిచింది. “తెలిసే పిల్లల్ని పిలిచావురా!”