నా భర్త చెప్పిన రెండు సాక్ష్యాలు

ఆ పొద్దున మా ఆయన చేతిలోని టీ గ్లాసు ఉన్నట్టుండి ఎగిరి గోడకు తగిలింది. జారిపడలేదు, ఎగిరింది. ఎవరో మోచెయ్యి పట్టుకుని గట్టిగా కుదిపినట్టు అయ్యింది. నేను చేతిలో గరిటెతోనే వెనక్కి తిరిగాను. ఆయన తన చేతిని ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకుంటున్నారు.

"ఏమైందండీ?"

"ఏం లేదు సునీతా, నిద్ర చాల్లేదు" అన్నారు. నవ్వారు కూడా. నేను నమ్మాను. గాజు పెంకులు ఊడ్చేసి ఇంకో గ్లాసులో టీ పోసిచ్చాను.

మా ఆయన పేరు జయపాల్. పంజాగుట్టలో ఒక చీరల షాపులో సేల్స్‌మన్. మేముండేది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో రెండో అంతస్తు. సొంతూరు గుంటూరు వైపు. ఆయనకు ఇంటర్ చదివే రోజుల నుంచి ఫిట్స్ ఉన్నాయి. ఆ సంగతి పెళ్ళిచూపుల్లో ఆయనే మా నాన్న ఎదుట చెప్పేశారు. "రోజూ టాబ్లెట్ వేసుకోవాలండీ. వేసుకుంటే రావు. ఆలోచించుకోండి" అన్నారు. ఆ నిజాయితీ చూసే నేను ఒప్పుకున్నాను. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా రాలేదు. మా కీర్తన ఆరో తరగతికి వచ్చింది, వాళ్ళ నాన్నకు అలాంటి జబ్బుందని దానికి తెలియనే తెలియదు.

మా సంఘంలో, అంటే మేం వెళ్ళే చర్చిలో, ఆదివారం ఆరాధన చివర సాక్ష్యాలకు సమయం ఇస్తారు. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరికీ చెప్పాలి. గ్లాసు ఎగరడానికి కొన్ని నెలల ముందు ఒక ఆదివారం ఆయన లేచారు. జబ్బు సంగతి మొదటిసారి బయటపెట్టి, "ఇన్నేళ్ళుగా నాకు ఫిట్స్ రాలేదు. దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరచాడు" అన్నారు. గుడి మొత్తం హల్లెలూయా అంది. నేనైతే కొంగు తడిసేలా ఏడ్చాను, సంతోషంతో. ఆ రోజు కీర్తన ఊళ్ళో మా అమ్మ దగ్గర ఉంది.

బయట టీ తాగుతుంటే రత్నం ఆంటీ వచ్చారు. ఎస్.ఆర్. నగర్‌లో లేడీస్ హాస్టల్ నడుపుతారు, సంఘంలో అందరికీ పెద్దదిక్కు. "దేవుడు ముట్టాక ఇంకా మందులెందుకు నాయనా?" అని ఆయన భుజం తట్టారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. నేనూ ఆ మాట పట్టించుకోలేదు. రోజూ భోజనం దగ్గర ఆయన కంచం పక్కన టాబ్లెట్ పెట్టడం నా అలవాటు, పెడుతూనే ఉన్నాను. కంచం తీసేటప్పటికి టాబ్లెట్ ఉండేది కాదు.

టీ గ్లాసు సంగతి మర్చిపోయాక ఒక శుక్రవారం సంఘంలో రాత్రంతా మేలుకుని చేసే ఆల్‌నైట్ ప్రేయర్ జరిగింది. తెల్లవారి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, కీర్తనను స్కూల్లో దింపడానికి ఆయన కిందికి దిగారు. కింద యాదగిరి అన్న టైలరింగ్ షాపు ఉంది. కాసేపటికి యాదగిరి అన్న గొంతు వినిపించింది.

"వదినా! జల్ది రా! అన్న పడిపోయిండు, కాళ్ళు చేతులు కొట్టుకుంటుండు!"

చెప్పుల్లేకుండా దిగాను. మా ఆయన స్కూటర్ పక్కన నేల మీద ఉన్నారు. కళ్ళు తేలేశారు, నోట్లోంచి నురగ. యాదగిరి అన్న షట్టర్ తాళాల గుత్తి ఆయన గుప్పిట్లో కుక్కుతున్నాడు, ఇనుము పెడితే ఆగుతుందని. ఎవరో ఉల్లిపాయ తెమ్మని అరుస్తున్నారు. కీర్తన భుజాన స్కూలు బ్యాగు అలాగే ఉంది. ఏడవడం లేదు, నోరు తెరుచుకుని చూస్తోంది. స్కూటర్ ఇంకా స్టార్ట్ చేయలేదన్న విషయం నాకు తర్వాత తట్టింది.

ఆటోలో పంజాగుట్ట వైపు ఒక హాస్పిటల్‌కు తీసుకెళ్ళాం. క్యాజువాలిటీలో చూశాక న్యూరాలజిస్ట్ వచ్చారు, మా చెల్లెలి వయసు ఉంటుంది. "టాబ్లెట్లు రెగ్యులర్‌గా వేసుకుంటున్నారా?" అని అడిగారు. ఆయన ఇంకా మగతలోనే ఉన్నారు. "రోజూ అండీ, నా చేత్తో పెడతాను" అన్నాను, కాస్త గర్వంగానే.

సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది. ఈఈజీ తీశారు. ఆయన వేసుకునే వాల్‌ప్రోయేట్ టాబ్లెట్ మందు ఒంట్లో ఎంతుందో, ఆ లెవెల్ చూడాలని రక్తం తీసుకున్నారు. ఆ రిపోర్టు వచ్చాక డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచారు.

"లెవెల్ అసలు లేదమ్మా."

"అంటే?"

"అంటే ఆ మందు ఆయన ఒంట్లో లేదు. మీరు పెట్టారు సరే. ఆయన మింగారా?"

నేను ఆవిడ మీద కోప్పడ్డాను. రక్తం వేరేవాళ్ళది అయ్యుంటుందన్నాను. ఇంకోసారి తీయమన్నాను. ఆవిడ ఓపికగా విన్నారు. మంచం మీద నుంచి మా ఆయన అన్నారు, "వద్దు సునీతా. రిపోర్టు కరెక్టే."

సాక్ష్యం చెప్పిన వారం నుంచే మానేశారట. చొక్కా జేబులో వేసుకుని, పొద్దున డ్యూటీకి వెళుతూ దారిలో పారేసేవారట. "దేవుడు బాగుచేశాడని అందరి ముందూ చెప్పానుగా. తర్వాత టాబ్లెట్ వేసుకుంటే ఆ సాక్ష్యం అబద్ధమైపోతుంది కదా" అన్నారు. పెళ్ళిచూపుల్లో నిజం చెప్పిన మనిషి, రోజూ నా ముందు కూర్చుని అన్నం తింటూ ఈ పని చేశారు. నా నోట మొదట వచ్చింది కీర్తన సంగతే.

"రోజూ దాన్ని వెనక కూర్చోబెట్టుకుని ఆ ట్రాఫిక్‌లో వెళ్ళారు. మీ సాక్ష్యం నిలబడితే చాలా? పిల్ల అక్కర్లేదా?"

ఆయన మొహం తిప్పుకోలేదు. ఏడుస్తూ వింటూనే ఉన్నారు.

"పోనీ, మానేశాక సంతోషంగా అయినా ఉన్నారా?" అని అడిగాను. ఏమడుగుతున్నానో నాకే తెలియదు.

"ఒక్కరోజూ లేను. లేవగానే చెయ్యి వణుకుతోందేమోనని చూసుకునేవాణ్ణి. గ్లాసు ఎగిరిన రోజు నుంచి మరీ భయం."

అదే నన్ను ఇప్పటికీ పీడిస్తుంది. విశ్వాసి అన్నవాడు మొహం వేలాడేసుకోకూడదని మా ఇళ్ళలో చిన్నప్పటి నుంచీ చెబుతారు. ఈయన భయపడుతూ పాటలు పాడారు, భయపడుతూ హల్లెలూయా అన్నారు. అది సంతోషమే అనుకుని నేనూ పక్కనే పాడాను.

డాక్టరు గారు మెత్తగానే చీవాట్లు పెట్టారు. "మీకున్నది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, చిన్న వయసులో మొదలై పొద్దున పూట చేతులు కుదిపేసే రకం ఫిట్స్. ఇన్నేళ్ళు రాకపోవడం మందు పనిచేసినందుకు, జబ్బు పోయినందుకు కాదు. మందు ఆపితే లేస్తుంది, నిద్ర మానితే ఇంకా తొందరగా లేస్తుంది. గ్లాసు ఎగరడం దాని వార్నింగ్. నేను చెప్పేదాకా స్కూటర్ బంద్."

సాయంత్రం పాస్టరు గారు హాస్పిటల్‌కు వచ్చారు. విషయం విని కుర్చీలో కూలబడ్డారు. "మందులు మానమని నేనెప్పుడైనా అన్నానా అమ్మా?"

"అనలేదండీ. వేసుకోమనీ అనలేదు" అన్నాను.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నారు. "దేవుడు మందు కూడా ఇచ్చాడు జయపాల్. మింగే పని మనకు వదిలాడు" అని చిన్న ప్రార్థన చేసి వెళ్ళారు.

ఇంటికొచ్చాక అంతా సాఫీగా జరగలేదు. మళ్ళీ మొదలుపెట్టిన మందుతో పగలంతా నిద్ర, వేళ్ళలో సన్నటి వణుకు. షాపులో చీర మడత విప్పుతుంటే కస్టమర్లు చేతుల వంకే చూసేవారట. ఒక పొద్దున మళ్ళీ చెయ్యి అలాగే ఎగిరింది, డోసు పెంచారు. ఆదివారం వస్తే తలనొప్పని పడుకునేవారు. నేను బలవంతపెట్టలేదు. నా కోపమే ఇంకా చల్లారలేదు.

ఒక ఆదివారం తనే తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. సాక్ష్యాల సమయంలో లేచి జేబులోంచి టాబ్లెట్ షీటు తీసి పట్టుకున్నారు.

"ఆ రోజు మీకు దీని సంగతి చెప్పలేదు. ఇన్నేళ్ళు దేవుడు నన్ను దీనితోనే కాపాడాడు. దీన్ని రహస్యంగా పారేశాను. నా బిడ్డ చనిపోవాల్సింది. నన్ను క్షమించండి."

ఎవరూ హల్లెలూయా అనలేదు. కీర్తన మాత్రం లేచి వెళ్ళి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది.

ఆరాధన అయ్యాక రత్నం ఆంటీ దగ్గరికొచ్చారు. మందులెందుకన్నది ఈవిడే. నాలుగు మాటలు అడిగేద్దామని సిద్ధమయ్యాను. ఆవిడ మా ఆయన చెయ్యి పట్టుకుని, "నీ మొదటి సాక్ష్యం విన్నాక నేనూ బీపీ మాత్రలు మానేశాను నాయనా. ఈ మధ్య తల ఒకటే తిరుగుతోంది" అన్నారు.

అడగాలనుకున్నవన్నీ వదిలేసి నేను ఆవిడ సంచి అందుకున్నాను. మా ఆయన వెంటనే ఆవిణ్ణి ఆటో ఎక్కించారు. క్లినిక్‌లో డాక్టరు బీపీ మిషన్ చూసి, నమ్మలేక పట్టీ మళ్ళీ కట్టి చూశారు. "ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే పక్షవాతమే అమ్మా" అన్నారు. ఆ గదిలో మా ఆయన మోకాళ్ళ మీద పడి ఏడ్చారు. రత్నం ఆంటీయే ఆయన తల నిమిరారు.

ఇప్పుడు ఆంటీ మళ్ళీ మాత్రలు వేసుకుంటున్నారు, బాగున్నారు. మా ఆయనకు మళ్ళీ ఫిట్స్ రాలేదు. స్కూటర్ కవరు కప్పుకుని యాదగిరి అన్న షాపు పక్కన ఉంది. తండ్రీకూతుళ్ళు స్కూలుకు నడిచే వెళుతున్నారు, సందు చివరిదాకా వాళ్ళ నవ్వులు పైకి వినిపిస్తాయి. భోజనం దగ్గర నేను టాబ్లెట్ పెట్టడం మానేశాను. తనే తీసుకుంటారు, కీర్తన చూస్తుండగా మింగుతారు. ఆల్‌నైట్ ప్రేయర్ రోజు తొందరగా వచ్చి పడుకుంటారు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. స్వస్థత కలిగిందని మీకు నిజంగా అనిపిస్తే, ఆ సాక్ష్యం ముందు మీ డాక్టరు దగ్గర చెప్పండి. మందు ఆపవచ్చో లేదో ఆయన చెప్పాకే సంఘంలో లేచి నిలబడండి. వెనక బెంచీలో ఎవరు వింటున్నారో మీకు తెలియదు.