ఓడెక్కిన ఏనుగులు

మొన్న మా మనవరాలు నా ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. వాళ్ళమ్మ దోసె వేస్తుండగా తీసి, ఏదో నొక్కి వెనక్కి తిప్పింది. పెనం మీద ఎర్రగా కాలిన దోసె కాస్తా తెల్లబడి, పిండైపోయి, సుడులు తిరుగుతూ గరిటెలోకి వెళ్ళిపోయింది. గరిటె గిన్నెలోకి వెళ్ళింది. వాళ్ళమ్మ వెనక్కి వెనక్కి నడిచి వంటింట్లోంచి మాయమైపోయింది. పిల్ల పడీపడీ నవ్వింది. నేను దానికంటే ఎక్కువ నవ్వాను. "ఏమైంది తాతా, గంతగనం నవ్వుతున్నవ్?" అని అడిగింది. ఆ దోసెలో నాకు ఒమాన్ దేశంలో సీబ్ అనే ఊళ్ళోని ఒక గోడ, ఆ గోడ మీద ఓడెక్కుతున్న ఏనుగులు కనిపించాయని దానికి ఎలా చెప్పను?

ఒమాన్‌లో ఉన్నన్నాళ్ళూ నేను పటాలు కట్టే దుకాణంలోనే పనిచేశాను. నేను అద్దాలు కోసేవాణ్ణి, మా బావ చట్రాలు బిగించి ఇళ్ళకు వెళ్ళి గోడలకు తగిలించేవాడు. బావ అంటే నిజం చుట్టమేమీ కాదు. మా పక్క ఊరివాడు. రూమ్‌లో మొదటిరోజే నా కంచంలోంచి మామిడికాయ తొక్కు తీసుకుంటూ "ఏం బామ్మర్దీ, ఇంటికెల్లి తెచ్చినవా?" అన్నాడు, చుట్టరికం అక్కడికక్కడే ఖాయమైపోయింది. మా దగ్గరికి సుల్తాన్ గారి ఫొటోలు, ఖురాన్ వాక్యాలు, పెళ్ళి ఫొటోలు, మలయాళీ పిల్లల డిగ్రీ సర్టిఫికెట్లు వచ్చేవి. ఏది వచ్చినా, పటం కట్టడం పూర్తికాగానే బావ అద్దం మీద వేలితో బొట్టు పెట్టినట్టు ఒకసారి తాకేవాడు. "బావా, అది సర్టిఫికెట్, దేవుడు గాదు" అంటే, "సదువుల తల్లి దేవుడు గాదా?" అనేవాడు. ఆ వేలిముద్ర తుడవడం మాత్రం నా డ్యూటీ.

మా అర్బాబ్, అంటే మా యజమాని, ఒమానీ. మనిషి మంచివాడే కానీ కోపం ముక్కు మీద ఉండేది. గోను తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు ఆయన తన మేనమామగారి పని మాకు అప్పగించాడు. ఆ పెద్దాయన ఇంట్లోకి తుఫానులో నీళ్ళు దూరి, మజ్లిస్ గోడలన్నీ ఉబ్బి పెచ్చులూడిపోయాయి. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి కాఫీ పోసే పెద్ద గది అది, అక్కడ ఇంటి పరువంతా ఆ గదిలోనే ఉంటుంది. దాన్ని ఆయన కొత్తగా కట్టించుకున్నాడు. చిన్నప్పుడు జాంజిబార్‌లో పెరిగి, వయసులో బొంబాయిలో వ్యాపారం చేసిన మనిషి కాబట్టి హిందీ మాకంటే బాగా మాట్లాడేవాడు. తడవకుండా బతికిన ఒక రేకుపెట్టెలోంచి పాత కాగితాలు తీసి మా బల్ల మీద పరిచాడు. అన్నీ ఎప్పటివో ఇంగ్లీషు వారపత్రికలోని బొమ్మలు. ఇంగ్లీషువాళ్ళు బొంబాయి నుంచి సేనను ఓడలెక్కించి, అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా, రాజు మీదికి కొండల్లోకి నడిపించిన కథ అది. "సముద్రం దగ్గర మొదలు, కోట దగ్గర ఆఖరు. ఈద్ నాటికి గోడ మీద ఉండాలి" అని చెప్పి వెళ్ళాడు.

ఆ బొమ్మల్ని నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుని గీయగలను, చెయ్యి తిరగదు గానీ. అన్నీ సన్నసన్నటి నల్లగీతలే. ఆ గీతల్లోనే ఎండ, దుమ్ము, కంచరగాడిదల మొండితనం, అన్నీ ఉన్నాయి. మొదటిదాంట్లో రేవు నిండా ఓడలు. రెండోదాంట్లో నడుముకు పెద్ద పట్టీలు కట్టి గాలిలో వేలాడదీసిన ఏనుగు, కింద తలపాగాల మావటివాళ్ళు. ఆ తరువాత ఇరుకు కనుమలోంచి పాకుతున్న దండు, డేరాల మధ్య వంట, కొండ మీద కోట, కోట ముందు బారులు తీరిన సిపాయిలు, చివర మంటల్లో తగలబడుతున్న అదే కోట. దొరలందరూ బొమ్మల మధ్యలో గుర్రాల మీద నిటారుగా ఉన్నారు. మాకు వాళ్ళతో పనేముంది? మేము అంచుల్లో చూసేవాళ్ళం. అక్కడ తోలుతిత్తిలో నీళ్ళు మోసేవాడు, మూటకు ఆనుకుని కునికేవాడు, పొయ్యి ఊదేవాడు ఉన్నారు. "వీళ్ళంత మనోళ్ళే బామ్మర్దీ. గీళ్ళు గూడ గల్ఫ్‌కే వచ్చిండ్రు" అన్నాడు బావ.

బావకు ఆ పని మామూలు పని కాదు. ఆయన ఒమాన్‌కు వచ్చేనాటికి భార్య కడుపుతో ఉంది. పుట్టిన బిడ్డను ఆయన ఇంకా చూడలేదు. తండ్రి వచ్చేదాకా పుట్టువెంట్రుకలు తీయించకూడదని ఇంట్లోవాళ్ళు ఆగారు. మా దగ్గర ఆ వెంట్రుకలు బేసి ఏట్లోనే తీయించాలి. మొదటి ఏడు ఎలాగూ దాటిపోయింది, మూడో ఏడు నడుస్తోంది, అదీ దాటితే ఐదో ఏడు దాకా ఆగాల్సిందే. కిందటేడు వెళ్తానంటే, తుఫానులో తడిసిన పటాల పని కుప్పలుగా వచ్చిపడి అర్బాబ్ పంపలేదు. "మామయ్య మజ్లిస్ పని మంచిగా చెయ్యి, ఈద్ కాగానే ఛుట్టీ" అని ఈసారి మాటిచ్చాడు. ఫోన్‌లో ఆ పిల్ల "నాయినా, ఎంటికలు కండ్లల్ల పడుతున్నయ్" అంటే బావ నవ్వేవాడు. ఫోన్ పెట్టేశాక క్యాలెండర్‌లో నెలలు లెక్కపెట్టుకునేవాడు.

పెద్దాయన ఇంట్లో వంట చేసే అక్కది కడప. మేము గోడకు రంధ్రాలు వేస్తుంటే చాయ్ తెచ్చి, కప్పులు కింద పెట్టి, నడుము మీద చేతులేసుకుని బొమ్మలు చూసేది. డేరాల బొమ్మ దగ్గర ఆగి, "పొయ్యి మింద గిన్నె బెట్టి యాడనో సూస్తాండాడు సూడు, మాడిపోతాది" అని నూట నలభై ఏళ్ళ కిందటి వంటవాణ్ణి మందలించింది. ఏనుగు బొమ్మ దగ్గర మాత్రం ఆమెకు పెద్ద అనుమానం వచ్చింది. "ఏం నాయనా, దీన్ని ఓడలోంచి దింపుతాండారా, ఓడలోకి ఎక్కిస్తాండారా?" అంది. బావ నిచ్చెన మీది నుంచే ఆలోచించి, "దించుతుండ్రక్కా" అన్నాడు. "నాకేమో ఎక్కించినట్టే ఉండాది" అంటూ ఆమె కప్పులు తీసుకుని వెళ్ళిపోయింది.

ఈద్ ముందురోజు మధ్యాహ్నానికి పని పూర్తయింది. ఒక్క పటం కూడా వంకర లేదు. నూలు పట్టి చూసుకుని, వెనక్కి జరిగి, మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం. అప్పుడు అర్బాబ్ వచ్చాడు. గోడకు కుడి చివర ఉన్న తలుపులోంచి అడుగుపెట్టి, అక్కడే నిలబడిపోయాడు. ఆయన ముందున్నది తగలబడుతున్న కోట. సముద్రమేమో ఎక్కడో అవతలి మూల, ఎడమవైపు చివర ఉంది. "క్యా కియా తుమ్ లోగ్!" అని అరిచాడు, ఏం చేశారు మీరని. మాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి ఆయన పక్కన నిలబడి చూస్తే అర్థమైంది. తెలుగు చదివే కళ్ళతో మేము ఎడమ మూల నుంచి మొదలుపెట్టాం. ఆ ఇంట్లోవాళ్ళు పుస్తకమైనా గోడైనా కుడి నుంచి చదువుతారు. పైగా తలుపూ అటే ఉంది. ఏళ్ళ తరబడి అరబ్బీ అక్షరాలకు పటాలు కట్టిన మాకు ఇది తట్టనే లేదు.

విప్పి మార్చడానికి లేదు. పటాలన్నీ తలా ఒక సైజు, రంధ్రాలన్నీ మళ్ళీ వేయాలి, కొత్త సున్నం పెచ్చులూడుతుంది, తెల్లవారితే చుట్టాలు వస్తారు. అర్బాబ్ అరబ్బీలో మొదలుపెట్టి హిందీలోకి దిగి తిట్టాడు. ఆఖరికి బావ వైపు వేలు చూపించి, "ఛుట్టీ వుట్టీ కుఛ్ నహీ!" అన్నాడు. బావ చేతిలో డ్రిల్లింగు మిషను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

కేకలు విని పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. తలుపు దగ్గర కోట ముందు ఆగి, నెమ్మదిగా ఒక్కో పటం చూసుకుంటూ ఎడమవైపు నడిచాడు. మేమందరం వెనకే నడిచాం. కడప అక్క కూడా కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏనుగు దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. "అరే చూడండి! కోట తగలబడింది. మంట ఆరి, కోట మళ్ళీ నిలబడింది. సిపాయిలు బుద్ధి తెచ్చుకుని కొండ దిగారు. అన్నం వండుకుని తిన్నారు. ఏనుగులు ఓడెక్కాయి. ఓడలు కదిలాయి. అందరూ ఇళ్ళకు పోయారు!" అని కర్రతో నేలమీద కొట్టాడు. "ఇంత మంచి లడాయి నేను ఎన్నడూ చూడలేదు. ఒక్క మేకు కూడా కదపకండి."

"ఎక్కిస్తాండారని నేను అప్పుడే అంటి కదా!" అంది అక్క, తెలుగులోనే, పెద్దాయన మొహంలో మొహం పెట్టి. ఆయనకు ఏమర్థమైందో గానీ గట్టిగా తలూపాడు. తరువాత మేనల్లుడి వైపు తిరిగి బావను చూపించాడు. "ఏనుగులకే ఛుట్టీ దొరికింది. ఈయన్నీ ఓడెక్కించు."

ఈద్ రోజున వచ్చిన ప్రతి చుట్టాన్నీ చెయ్యి పట్టుకుని కుడి నుంచి ఎడమకు నడిపించి, ఆ కథ చెప్పాడట. అర్బాబ్ కూడా మూడోసారి నుంచి మామయ్యకు మాట అందిస్తూ, అదంతా తన ఆలోచనే అన్నట్టు తిరిగాడట. అక్కే చెప్పింది. బావ ఆ వారంలోనే బయలుదేరాడు. విమానాశ్రయంలో నన్ను కావలించుకుని, "పోతున్న బామ్మర్దీ, రంధ్రాలు సక్కగ ఎయ్యి" అన్నాడు. కొన్నాళ్ళకు ఫొటో వచ్చింది. వేములవాడ గుడి ముందు తండ్రీ బిడ్డా నున్నటి గుండ్లతో, నిండా గంధం పూసుకుని, ఒకరినొకరు చూసి నవ్వుతున్నారు. దాన్ని పటం కట్టి, బావ లేడు కాబట్టి అద్దాన్ని నేనే వేలితో తాకాను. ఆ ముద్ర తుడవలేదు. పెద్దాయన ఆ ఫొటో చూసి తనకూ ఒకటి కావాలని పట్టుబట్టి, మజ్లిస్ గోడకు ఎడమ చివర, బయలుదేరిన ఓడల పక్కన తగిలించుకున్నాడు. కథ అక్కడికి పూర్తయిందన్నాడు.

ఇదంతా మా మనవరాలికి చెప్పాను. అది ఫోన్ చేతిలోకి తీసుకుని, "తాతా, ఆ గుండు అక్క ఫొటో గిట్ల ఎనక్కి తిప్పుదామా?" అంది. ఆ అక్క, అంటే బావ కూతురు, కిందటి నెల వాళ్ళ నాన్నతో మా ఇంటికి వచ్చింది, జడ నడుము దాటింది. దోసెను పిండి చేసుకోవచ్చు, ఏనుగుల్ని ఓడెక్కించుకోవచ్చు. ఆ జడ మాత్రం కాలం ముందుకు నడిచి మాకిచ్చింది, దాన్ని వెనక్కి తిప్పనివ్వను.