అయిదు లోతుల నీళ్ళు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది జులైలో గుణుపురంలోని ఒక కళాశాలలో కాంట్రాక్టు విశ్లేషకుడిగా చేరాను. నా ముప్పై ఒకటో ఏట ఆ ఉద్యోగం పోయింది. ఎందుకో చెప్తాను.

సముద్రం లేని ఊళ్ళో నా పని సముద్రపు నీళ్ళతో. అండమాన్ వైపు నీళ్ళలో మునిగి ఉన్న ఒక పర్వతం మీద ఓడవాళ్ళు పట్టిన నమూనాలు, మంచి సూక్ష్మదర్శిని ఉందని మా కళాశాలకు వచ్చాయి. అందులోని వృక్ష ప్లవకాలను, అంటే కంటికి కనపడని తేలే మొక్కలను, జాతులవారీగా గుర్తించి లెక్కించాలి. అలాంటి పర్వతం అడుగునున్న పోషకాలను పైకి నెడుతుంది. అందుకే ఉపరితలంలో ఒక రకం జాతులు, వెలుతురు సన్నగిల్లే లోతులో మరో రకం ఉంటాయి. ఆ తేడాయే మేము వెతికేది. ఒక్కో చోట అయిదు లోతుల నుంచి అయిదు సీసాలు పట్టి, పాడవకుండా అయోడిన్ ద్రావణం కలిపారు. చూడ్డానికి పల్చటి టీలా ఉంటాయి. మా ఎమ్మెస్సీ విద్యార్థిని గౌరి పరిశోధన వ్యాసం పూర్తిగా ఆ సీసాల మీదే ఆధారపడింది.

సూక్ష్మదర్శిని బల్బు పోతే కొత్తది తేవడానికి రాయగడ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బీరువా ఖాళీ. కింద మూడు పెద్ద తెల్ల క్యాన్లు, ఒక్కో చోట పట్టిన అయిదు సీసాల నీళ్ళూ ఒక్కో దాంట్లో. సీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి.

"సార్ పొయ్యమన్నారన్నా," అంది గౌరి. "ఒద్దని సెప్పేను. 'అమ్మీ, ఇనస్పెక్షనోళ్ళు వస్తన్నారు, బీరువా నీటుగా ఉండాల' అన్నారు. సారే దగ్గరుండి పోయించేరు."

తనిఖీకి ముందు గోడలకు సున్నం, గుమ్మానికి మామిడాకులు, బీరువాకు శుభ్రత. మా ఆఫీసుల్లో ఇది ఆచారం. తనిఖీ బృందం చూడవలసింది ఆ సీసాలనేనని విభాగాధిపతికి తట్టలేదు.

నేను వెళ్ళి అడిగితే ఆయన ఫైలు లోంచి తల ఎత్తలేదు. "ఏటయ్యా గొడవ? అన్నీ ఒక సముద్రం నీళ్ళే కదా. క్యాను మీద లేబులు పెద్దదే అంటించేం."

లోతులవారీ పట్టిక ఇక రాదన్నాను.

"ఎందుకు రాదు? క్యాను మొత్తం లెక్కెట్టి అయిదుకి పంచెయ్యి. పైన తక్కువ, మధ్యన ఎక్కువ అని నువ్వే సెప్పేవు కదా. అలగే సర్దేయ్."

నా వెనకే వచ్చిన గౌరి ఊరుకోలేదు. "సార్, పప్పూ పులుసూ పెరుగూ ఒక గిన్నిలో కలిపేస్తే మా అమ్మ తిరిగి ఏరుసెయ్యగల్దేటండి?"

"మీ అమ్మకి పీహెచ్‌డీ లేదు కదమ్మీ," అన్నారాయన. పట్టిక లేకపోతే ఆమె వ్యాసం మీద సంతకం పెట్టనని కూడా అన్నారు.

పద్ధతి ప్రకారం ప్రతి పట్టిక కింద ముందు విశ్లేషకుడు, తర్వాత విభాగాధిపతి సంతకం చేయాలి. నేను ఒక్క పట్టికే ఇచ్చాను: క్యాన్లలో దొరికిన జాతుల పేర్లు, చివర 'మిశ్రమ నమూనా, లోతు చెప్పడం సాధ్యం కాదు' అన్న వాక్యం. గౌరి కూడా అంకెలు కల్పించనంది. వ్యాసం శీర్షిక మార్చమని కమిటీకి అర్జీ పెట్టుకుంది. అనుమతి వచ్చేసరికి గడువు దాటిపోయింది. తోటివాళ్ళు పట్టాలు తీసుకుంటుంటే ఆమె మరో సెమిస్టరు ఫీజు కట్టి, జాతుల జాబితాతో వ్యాసం సమర్పించింది. అందులో ప్రతి పేరూ నిజం.

ప్రాజెక్టు నివేదికలో మాత్రం లోతులవారీ పట్టిక ఉంది. చక్కగా, పైన తక్కువ, మధ్యన ఎక్కువ. సంతకాలు రెండు చోట్లా ఆయనవే. ఎవరూ ప్రశ్నించలేదు. నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ పర్వతం మీదికి ఓడ మళ్ళీ ఎప్పుడు వెళ్తుందో నాకు తెలియదు.

నేను నేర్చుకున్నది ఇంతే. నమూనాను ఎవరు ముట్టుకోవచ్చో అది రాకముందే కాగితం మీద తేల్చుకోవాలి. హోదాను ఆ అనుమతిగా లెక్కించకూడదు. కలిపేసిన నీళ్ళను ఏ గణితమూ విడదీయదు. విడదీశామని చెప్పే పట్టిక కింద సంతకం పెట్టకూడదు.