పెద్దమ్మ భాషలో సినిమా

మా పక్కింటి పెద్దమ్మ మొన్న గురువారం పొద్దున కన్నుమూసింది. సైదాబాద్‌లో మా గల్లీ అందరికీ ఆమె చార్మినార్ దగ్గర లక్క గాజులు చేసే మనిషి. నాకు మాత్రం, నేను తీసిన ఒకే ఒక్క సినిమాకు కథ ఇచ్చిన మనిషి.

ఆమెది ఆదిలాబాద్ వైపు గోండుల కుటుంబం. తండ్రి పోయాక చేనులో వాటా అడిగిందని, సొంత అన్నే ఇప్పపూలు ఏరుదామని నడి అడవిలోకి తీసుకుపోయి వదిలేశాడు. అప్పుడామెకు పదహారేళ్లు. రాత్రిళ్లు చీరకొంగుతో చెట్టుకొమ్మకు కట్టేసుకుని పడుకుంది. తొమ్మిదో రోజున రోడ్డు కనిపించింది. ఊరివైపు తిరగలేదు. కట్టెల లారీ ఎక్కి పట్నం వచ్చేసింది.

తొంభైల్లో మా అమ్మ దగ్గర కూర్చుని ఇదంతా వేరెవరికో జరిగినట్టు చెప్పేది. కొన్నేళ్లకు నా చేతికి వీడియో కెమెరా వచ్చాక, సినిమా తీస్తానన్నాను. తెలుగులో అయితే నలుగురూ చూస్తారన్నాను.

“అడవిల నేను తెలుగుల ఏడ్చిన్నా?” అంది. “గోండిల తీస్తే తియ్యి. లేకుంటే వద్దు.”

మాటలన్నీ తనే చెప్పి రాయించింది. షూటింగులో ఆమె వేషం వేసిన అమ్మాయి అడవిగడ్డ తవ్వి కొరకబోతుంటే అడ్డం వచ్చింది. “గట్ల తింటే గొంతు వాస్తది బిడ్డా. నేను రాయితోని చితగ్గొట్టి, రాత్రంత వాగుల నానబెట్టిన. గదే చూపియ్యి. ఏడ్సుడు తక్కువ చెయ్యి.” కథ ఎలా చెప్పాలో నేను ఆ పూటే నేర్చుకున్నాను.

సంగతి తెలిసి అన్న వచ్చాడు, ముప్పై ఏళ్లకు మొదటిసారి. నాకూ తెలియాలనేమో, ఆమె పనిచేసే గాజుల కార్ఖానా గుమ్మంలో నిలబడి తెలుగులోనే అడిగాడు.

“నేను ఇడిచిపెట్టిన సీను తీసెయ్యమను చెల్లె. నా పిల్లల పరువు పోతది.”

ఆమె చేతిలోని లక్కను నిప్పుల మీద తిప్పుతూనే ఉంది. “చాయ్ తాగి పో. సీను ఉంటది. సూడనీకె రా.”

అతను వెళ్లాక, కేసు పెడతాడేమో పెద్దమ్మా అన్నాను.

“పెట్టనీ. కోర్టుల గూడ గోండిలనే చెప్త.”

మా గల్లీ ఫంక్షన్ హాల్లో తెల్లగుడ్డ కట్టి సినిమా వేశాం. కార్ఖానా వాళ్లంతా వచ్చారు. వాళ్లలో ఒక్కరికీ గోండి రాదు, అయినా ఎవరూ లేచిపోలేదు. చివరి వరసలో అన్న తలవంచుకుని కూర్చున్నాడు. తెరమీద అమ్మాయి చెట్లు దాటి రోడ్డు మీదికి వస్తుండగా, ముందు వరసలో పెద్దమ్మ లేచి నిలబడింది. ఆమె నీడ తెర నిండా పడింది.

“బైఠో అమ్మా, దిఖ్రా నై,” తెర కనిపించట్లేదు కూర్చోమని వెనక నుంచి అన్నారెవరో.

ఆమె కూర్చోలేదు.